అమ్మానాన్నల మామూలు రోజులను ఫొటో తీయడం ఎలా?

నాన్న పోయిన రోజు మధ్యాహ్నం, దండ వేయడానికి ఒక ఫొటో కావాలన్నారు. నా ఫోన్లో వేల ఫొటోలున్నాయి. నాన్నవి వెతికితే దొరికినవన్నీ పెళ్ళిళ్ళవీ, గృహప్రవేశాలవీ. అందరితో పాటు వరసలో, ఆ చివర, చేతులు కట్టుకుని నిలబడినవి. చివరికి మా పిన్ని కూతురి పెళ్ళి గ్రూపు ఫొటోలోంచి నాన్న ముఖం కత్తిరించి, వెనక నీలం రంగు వేయించి ఫ్రేము కట్టించాం. ఎడమ భుజం దగ్గర ఇంకెవరిదో పట్టుచీర అంచు ఇప్పటికీ కనిపిస్తుంది.

పేపరును నాలుగు మడతలు వేసి, ఒక్కో మడతే తిప్పుకుంటూ అరుగు మీద గంటసేపు చదివే నాన్న నా దగ్గర ఒక్క ఫొటోలోనూ లేరు. సైకిల్ గొలుసుకు నూనె వేసి, చేతులు పాత లుంగీ ముక్కకు తుడుచుకునే నాన్న లేరు. రోజూ కనిపించేవే కదా అని ఎప్పుడూ తీయలేదు.

ఆ తర్వాత అమ్మను తీయడం మొదలుపెట్టాను. నేనుండేది హైదరాబాద్‌లో, అమ్మ తెనాలిలో. నెలకో రెండు నెలలకో వెళ్ళి మూడు నాలుగు రోజులుంటాను. ఇలా నాలుగేళ్ళు తీస్తూ నేర్చుకున్నది ఇక్కడ వరసగా రాస్తున్నాను. మీ అమ్మానాన్నలు మీతోనే ఉన్నా, మీరు అమెరికాలో ఉండి ఏడాదికోసారి వచ్చిపోతున్నా ఈ పద్ధతి పనికొస్తుంది. దీనంతటికీ ఆధారం ఒకటే: ముఖం కోసం వెతక్కండి, చేసే పని కోసం చూడండి. మనిషి రోజూ చేసే పనిలో ముఖం దానంతటదే వచ్చేస్తుంది.

1. ముందు కెమెరా పక్కన పెట్టి, ఒక జాబితా రాయండి

మొదటి రెండు రోజులు ఒక్క ఫొటో కూడా తీయకండి. చిన్న నోట్‌బుక్ పెట్టుకుని, పొద్దున లేచిన దగ్గర్నుంచి వాళ్ళు చేసే పనులు రాయండి. పని పక్కన టైము, ఏ గదిలో, వెలుతురు ఎటునుంచి వస్తోంది, ఈ మూడూ రాయాలి.

అమ్మ గురించి నేను మొదట రాసుకున్న పేజీలో ఉన్నవి ఇవి: పాల ప్యాకెట్ కత్తిరించి, కడిగి, వంటింటి కిటికీ ఊచకు ఆరబెట్టడం. ఆదివారం సాయంత్రం వారానికి సరిపడా మాత్రలు డబ్బాలో సర్దుకోవడం. గ్యాస్ సిలిండర్ మార్చిన తేదీ క్యాలెండర్ మీద రాయడం. టీవీ ముందు కూర్చుని, తెరను చూస్తూనే చేత్తో వత్తులు చేయడం. భోజనం అయ్యాక ఫ్యాన్ కింద గచ్చు మీద తలగడ వేసుకుని పడుకోవడం. స్పీకర్ ఆన్ చేసి, ఫోన్‌ను నోటికి ఎదురుగా పళ్ళెంలా పట్టుకుని మాట్లాడటం. కూరగాయలబ్బాయితో గేటు దగ్గర బేరం.

మా అమ్మను నలభై ఏళ్ళుగా చూస్తున్నాను. అయినా పాల ప్యాకెట్లను వారం పాటు పోగుచేసి, లెక్కపెట్టి, రబ్బరు బ్యాండు వేసి పాతసామాన్లవాడికి ఇస్తుందన్న సంగతి ఈ జాబితా రాసేటప్పుడే గమనించాను. ఇదొక్కటే ఆరు ఫొటోలయ్యింది.

జాబితాలో కొన్ని పనుల పక్కన చుక్క పెట్టుకోండి. ఒంట్లో ఓపిక తగ్గేకొద్దీ ముందుగా మానేసేవి అవి. మా ఇంట్లో అయితే కత్తిపీట ముందు కింద కూర్చోవడం, వేసవిలో ఆవకాయకు కాయలు కొట్టించి తుడవడం, ముగ్గు వేయడానికి వంగడం. మోకాళ్ళ నొప్పి వచ్చిన మనిషి కింద కూర్చోవడం ఒకరోజు మానేస్తుంది, మళ్ళీ కూర్చోదు. చుక్క ఉన్న పనులను ఈసారే తీయండి, వచ్చేసారికి ఉంచకండి.

2. అడగండి, అడిగింది పాటించండి

పెద్దవాళ్ళను ఒంటరిగా, శ్రద్ధగా ఫొటో తీస్తుంటే వాళ్ళకు వచ్చే మొదటి ఆలోచన దండ ఫొటోయే. అమ్మ మొదటి రోజే అడిగింది: "ఏమ్మా, నాక్కూడా ఫొటో రెడీ చేస్తున్నావా?" ఆ మాటకు నవ్వేసి దాటవేయకండి. నేను ఉన్నదే చెప్పాను. "నాన్నవి ఇలాంటివి ఒక్కటీ లేవమ్మా. నువ్వు రోజూ చేసేవి నా దగ్గర ఉండాలనిపిస్తోంది" అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అయితే జుట్టు విరబోసుకున్నప్పుడు తీయకు" అంది. అలా మొదటి షరతు వచ్చింది.

షరతులు పెట్టమని మీరే అడగండి. అమ్మ పెట్టినవి: తినేటప్పుడు వద్దు, దిష్టి. నైటీలో ఉన్నవి తీసినా ఎవరికీ పంపకూడదు. కాళ్ళ వాపు కనిపించకూడదు. ఇంట్లో వంటకు సాయం చేసే ఆవిడ ఫ్రేములో ఉంటే ఆవిడనూ అడగాలి. ఇవన్నీ నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకున్నాను. ఒక్కోసారి మంచి ఫొటో చేజారుతుంది, పోనివ్వండి. వయసు మీదపడిన తల్లిదండ్రులు పిల్లల మాట కాదనలేరు. కాదనలేని మనిషి దగ్గర మన బాధ్యత ఇంకా ఎక్కువ.

రోజూ రాత్రి ఆ రోజు తీసినవి వాళ్ళకు చూపించండి. వద్దన్నవి వాళ్ళ ముందే తీసేయండి. తీసేసినవి ఐఫోన్‌లో 30 రోజుల దాకా వేరే ఫోల్డర్‌లో ఉండిపోతాయి, ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ చెత్తబుట్ట ఉంటుంది. అక్కడినుంచి కూడా తీసేస్తేనే మాట నిలబెట్టుకున్నట్టు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో పెట్టడానికి ప్రతి ఫొటోకూ విడిగా అడగాలి. "తీసుకో" అంటే "ఊరందరికీ చూపించు" అని అర్థం కాదు.

మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ళ విషయంలో నిన్న ఇచ్చిన ఒప్పుదల ఈరోజుకు చెల్లదు. ముఖం తిప్పుకోవడం, చెయ్యి అడ్డం పెట్టడం, విసుగ్గా కదలడం, ఇవన్నీ వద్దనడమే. వెంటనే ఆపేయండి.

3. ఫోన్ చాలు, కానీ సెట్టింగ్స్ మార్చాలి

కొత్త కెమెరా కొనక్కర్లేదు. పెద్ద కెమెరా బయటికి తీయగానే అమ్మ లేచి చీర మార్చుకోవడానికి వెళ్ళిపోయేది. ఫోన్ తీస్తే పట్టించుకోదు.

ముందు లెన్స్ తుడవండి. వంటింట్లో తిరిగే ఫోన్ లెన్స్ మీద సన్నటి నూనె పొర ఉంటుంది, అందుకే ఫొటోలు మసకగా వస్తాయి. తర్వాత బ్యూటీ ఫిల్టర్ ఆపేయండి. చాలా ఫోన్లలో అది మనకు తెలియకుండానే ఆన్‌లో ఉండి, ముఖం మీద గీతలు చెరిపేసి రంగు తెల్లగా చేస్తుంది. పోర్ట్రెయిట్ మోడ్ కూడా వద్దు. అది వెనక గదిని మసకగా చేసేస్తుంది. మనకు ఆ గదే కావాలి. మేకుకు తగిలించిన ప్లాస్టిక్ కవర్లు, గోడ మీద క్యాలెండర్, ఫ్రిజ్ మీద మాత్రల డబ్బా, అన్నీ ఉండాలి. షటర్ శబ్దం ఆపేయండి. ఫ్లాష్ అసలు వద్దు, పెద్ద వయసు కళ్ళకు ఆ మెరుపు బాధగా ఉంటుంది.

ఫోన్‌లో 1 ఎక్స్ లెన్స్ బాగా వెడల్పుది. దాంతో ముఖానికి దగ్గరగా వెళితే ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోతాయి. ముఖం దగ్గరగా కావాలంటే 2 ఎక్స్ పెట్టి రెండడుగులు వెనక్కి జరగండి. గది మొత్తం కావాలంటే 1 ఎక్స్ మంచిదే, కానీ మనిషిని ఫ్రేము అంచుకు నెట్టకండి. అంచుల్లో ఆకారం సాగిపోతుంది.

పెద్ద కెమెరా ఉన్నవాళ్ళు 35 ఎంఎం లెన్స్‌తో మొదలుపెట్టండి. ఇంట్లో గదులు చిన్నవి, 50 పెడితే వీపు గోడకు తగులుతుంది. షటర్ స్పీడ్, అంటే కెమెరా కన్ను తెరిచి ఉండే సమయం, సెకనులో 125వ వంతుకు మించకుండా చూసుకుని, వెలుతురు చాలకపోతే ఐఎస్ఓను, అంటే వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయిని, 3200 దాకా పెంచండి. గరుకుగా వచ్చినా ఫరవాలేదు. చేతులు కదిలి చెదిరిన ఫొటోను మాత్రం తర్వాత బాగుచేయలేం.

4. మన ఇళ్ళలో వెలుతురు

దీని మీద ఎక్కువసేపు ఆగుతున్నాను, ఎందుకంటే ఫొటో బాగా రావడానికీ రాకపోవడానికీ ముప్పాతిక వంతు కారణం ఇదే.

మన ఇళ్ళలో పగలు కూడా ట్యూబ్‌లైట్ వేసి ఉంచుతాం. కిటికీ వెలుతురు ఒక రంగు, ట్యూబ్‌లైటుది ఇంకో రంగు. రెండూ ముఖం మీద పడితే ఒక చెంప నీలంగా, ఒక చెంప పచ్చగా వస్తుంది. అందుకని పగలు లైటు ఆపేసి, కిటికీనో తలుపునో నమ్ముకోండి. మనిషిని కదిలించకుండా మీరే కదలండి. కిటికీ మీకు ఎదురుగా, అంటే వాళ్ళ వెనక ఉంటే ముఖం నల్లబడుతుంది. మీ వీపు వెనక ఉంటే ముఖం చదునుగా వస్తుంది. మీకు పక్కన ఉండేలా నిలబడితే ఒకవైపు వెలుగు, ఒకవైపు నీడ పడి చేతివేళ్ళూ, చీర మడతలూ, గిన్నె అంచూ విడివిడిగా కనిపిస్తాయి.

దోమల మెష్ కొట్టిన కిటికీ ఇందుకు చాలా మంచిది. ఎండను చిలకరించి మెత్తగా చేస్తుంది. రెండోవైపు నీడ మరీ చిక్కగా ఉంటే, ఎదురు కుర్చీ మీద తెల్ల పంచో దుప్పటో ఆరేసినట్టు వేయండి. దాని మీద పడ్డ వెలుతురు తిరిగి ముఖం మీదకు వస్తుంది. నాన్న పంచెలు రెండు నేను ఇందుకే దాచుకున్నాను.

గోడ రంగు కూడా చూసుకోండి. పిస్తా ఆకుపచ్చో గులాబీయో వేసిన గదిలో ఆ రంగు ముఖం మీదకు పాకుతుంది. అలాంటి గదిలో గోడకు దగ్గరగా కాకుండా, తలుపుకు దగ్గరగా ఉన్నప్పుడు తీయండి.

రాత్రిపూట లైటు తప్పదు కదా. ఫొటోలో అడ్డంగా చారలు వస్తుంటే దానికో కారణం ఉంది. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. దాంతో చాలా ట్యూబ్‌లైట్లు, చవక ఎల్ఈడీలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. కంటికి తెలియదు గానీ కెమెరాకు తెలుస్తుంది. ఫోన్‌లో సెట్టింగ్స్ మనమే పెట్టుకునే ప్రో మోడ్‌లోకి వెళ్ళి, ఇక్కడ మాత్రం 125 లెక్క వదిలేసి, షటర్ స్పీడ్‌ను సెకనులో 50వ వంతుకో 100వ వంతుకో పెడితే చారలు పోతాయి.

ఇక మేని రంగు. మా ఇంట్లో అందరం చామనఛాయ. నీడగా ఉన్న గదిలో ఫోన్ తనంతట తాను వెలుతురు పెంచేసి, అమ్మ రంగును బూడిద చల్లినట్టు చేసేది. తెర మీద ముఖాన్ని వేలితో కాసేపు నొక్కి పట్టుకోండి, ఫోకస్, వెలుతురు అక్కడ ఆగిపోతాయి. తర్వాత వేలిని కొద్దిగా కిందికి జరిపితే వెలుతురు తగ్గి అసలు రంగు వస్తుంది. సరిపోయిందో లేదో చూడటానికి ఫొటోను వాళ్ళ చేతి పక్కన పెట్టి చూడండి. ఆ చర్మం రంగు ఆ ఫొటోలో ఉందా లేదా అన్నదే కొలత.

పూజ గదిలో దీపం వెలుతురుకు ఫోన్‌ను తలుపు చట్రానికి ఆనించి, ఊపిరి బిగబట్టి తీయండి. గది మొత్తం కనపడాలన్న ఆశ వదిలేస్తే, దీపం ముందు అమ్మ గడ్డం, ముక్కుపుడక, వేళ్ళు, అంతవరకే వస్తాయి. అవి చాలు.

5. ఎక్కడ కూర్చోవాలి, ఎంతసేపు ఆగాలి

వాళ్ళు కింద కూర్చుంటే మీరూ కింద కూర్చోండి. నిలబడి పైనుంచి తీస్తే పెద్దవాళ్ళు చిన్నగా, దీనంగా కనిపిస్తారు. మంచం మీద ఉన్నవాళ్ళకు స్టూలు వేసుకుని, మీ కళ్ళు వాళ్ళ కళ్ళకు సమానంగా ఉండేలా చూసుకోండి.

గదిలోకి వెళ్ళగానే తీయకండి. పది నిమిషాలు ఏదో మాట్లాడుతూ కూర్చోండి. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే మీరూ నాలుగు తీయండి. మీ ఉనికి మామూలైపోయాక ఫోన్ ఎత్తండి.

మొదట్లో వాళ్ళు మిమ్మల్ని చూడగానే పని ఆపి, కొంగు సర్దుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని బిగుసుకుపోతారు. "అలా వద్దమ్మా, మామూలుగా ఉండు" అని విసుక్కోకండి. స్టూడియోలో రంగుల తెర ముందు, ఫొటోగ్రాఫరు "కదలొద్దు" అంటే ఊపిరి బిగబట్టి నిలబడ్డ తరం అది. ఫొటో అంటే వాళ్ళకు గౌరవంగా నిలబడే సందర్భం. ఆ నిలబడటాన్ని కూడా శ్రద్ధగా తీసి, చూపించి, బాగుందని చెప్పండి. అది అయ్యాక వాళ్ళే పనిలోకి వెళ్ళిపోతారు, అసలు ఫొటో అప్పుడు మొదలవుతుంది.

ముడతలు పడ్డ చేతులను దగ్గరగా తీసి నలుపు తెలుపులో పెట్టే ఫొటోలు మీరు చాలానే చూసి ఉంటారు. నాకవి నచ్చవు. అవి ఎవరి చేతులైనా కావచ్చు. అక్కడ మనిషి ఉండదు, ముసలితనం మాత్రమే ఉంటుంది. చేతులు తీయాలనుకుంటే ఏం చేస్తున్నాయో కనిపించాలి. అమ్మ బొటనవేలి గోరుతో మాత్ర రేకును చింపే తీరు ఎవరికీ రాదు. ఆ గోరు, ఆ రేకు, పక్కన నీళ్ళ స్టీలు గ్లాసు ఉంటే అది మా అమ్మ చెయ్యి.

గది సర్దకండి. ఇది చెప్పడం తేలిక, ఆపడం కష్టం. ఫొటో అనగానే అమ్మ ముందు బామ్ సీసా దాచేస్తుంది. ఒకసారి దాచనివ్వండి. నాలుగోసారికి ఆవిడే మరచిపోతుంది.

6. ఒకే చోట, ఒకే ఫొటో, ప్రతిసారీ

ఈ మొత్తంలో ఒక్క పనే చేయగలను అనుకుంటే ఇది చేయండి.

డియానా డైక్‌మన్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్, అయోవా రాష్ట్రంలోని సూ సిటీలో ఉండే తన తల్లిదండ్రులను చూసి తిరిగి వెళ్ళేటప్పుడల్లా, కారు దగ్గర్నుంచి వాళ్ళు చెయ్యి ఊపుతుండగా ఒక ఫొటో తీసుకునేది. 1991లో మొదలైన అలవాటు 2017 దాకా సాగింది. 2009లో తండ్రి పోయారు, ఆ తర్వాతి ఫొటోల్లో తల్లి ఒక్కతే. తల్లి కూడా పోయాక తీసిన చివరి ఫొటోలో ఇల్లుంది, ఎదురుగా ఎవరూ లేరు. ఏ ఒక్క ఫొటో తీసుకున్నా మామూలు కుటుంబ ఫొటోయే. అన్నీ వరసలో పెట్టి చూసినప్పుడే ఇరవై ఏడేళ్ళు కళ్ళముందు నడుస్తాయి.

జపాన్‌లో మసాహిసా ఫుకాసే, హొక్కైడోలో తమ కుటుంబం నడిపే స్టూడియోలోనే ఇంటిల్లిపాదినీ 1971 నుంచి దాదాపు రెండు దశాబ్దాల పాటు గ్రూపు ఫొటోలు తీశాడు. తండ్రి పోయాక ఆయన స్థానంలో ఆయన ఫ్రేము ఫొటో వచ్చి కూర్చుంటుంది. మన ఇళ్ళలో పెళ్ళి గ్రూపు ఫొటోకు తాతయ్య పటం తెచ్చి ఒళ్ళో పెట్టుకునే ఆడపడుచులు గుర్తొచ్చారు నాకు. మన దేశంలోనూ చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ తండ్రి ఉమ్రావ్ సింగ్ భార్యనూ ఇద్దరు కూతుళ్ళనూ ఏళ్ళ తరబడి ఇంట్లోనే తీశారు. ఇంటి ఫొటోలు చిన్న పని అనుకోనక్కర్లేదని చెప్పడానికి ఈ ముగ్గురు చాలు.

మనకు బయల్దేరేటప్పుడు ఉండే తంతు ఇంకా పెద్దది. "వెళ్తున్నాను" అనకూడదు, "వెళ్ళొస్తాను" అనాలి. బొట్టు పెట్టి, జాకెట్ గుడ్డ, రెండు అరటిపళ్ళు చేతిలో పెడుతుంది. పచ్చడి సీసా మూత వదులుగా ఉందేమోనని మళ్ళీ బిగిస్తుంది. ఆటో వచ్చాక గేటు దాకా వస్తుంది. నేను ఆటోలో కూర్చున్నాక, ఎడమవైపు నుంచి, అదే ఎత్తులో ఒక్క ఫొటో తీస్తాను. ఇప్పటికి ఇరవై తొమ్మిది అయ్యాయి. మొదటి వాటిలో అమ్మ గేటు బయటికి వచ్చి నిలబడింది. పన్నెండో దాంట్లో గేటు పట్టుకుని ఉంది. ఈమధ్యవాటిలో గేటు లోపల, మెట్టు మీద. ఆ మార్పును నేను కళ్ళతో గమనించలేదు, ఫొటోలు పక్కపక్కన పెట్టినప్పుడే తెలిసింది. తెలిసిన వారంలోనే మెట్టు పక్కన పట్టుకోవడానికి ఇనుప కమ్మీ పెట్టించాను. ఇప్పుడు ఫొటోల్లో అది కూడా ఉంటుంది.

మీకు గేటు అక్కర్లేదు. పొద్దున కాఫీ తాగే కుర్చీ కావచ్చు, సంక్రాంతి ముగ్గు కావచ్చు. చోటు, ఎత్తు, దూరం మారకూడదు. నేల మీద ఒక గచ్చుబండ గుర్తు పెట్టుకోండి. దూరంగా ఉండేవాళ్ళు వీడియో కాల్ తెరను ప్రతి ఆదివారం స్క్రీన్‌షాట్ తీసి దాచుకోవచ్చు. అమ్మ నుదురు, పైన తిరిగే ఫ్యాన్ మాత్రమే కనిపించినా సరే దాచండి. మీ ఇద్దరి మధ్య ఆ ఏళ్ళు గడిచింది అలాగే.

7. బాగాలేని రోజులు

ఆసుపత్రిలో కెమెరా తీసేముందు అక్కడివాళ్ళను అడగాలి. చాలాచోట్ల ఒప్పుకోరు. ఒప్పుకున్నా, పక్క మంచం మీది మనిషి ఫ్రేములోకి రాకూడదు. అమ్మకు తుంటి ఎముక విరిగినప్పుడు నేను ఆవిడను తీయలేదు. మంచం కమ్మీకి తగిలించిన ఎక్స్‌రే కవరు, కిటికీలో ఫ్లాస్కు, తమ్ముడు కుర్చీలో కూర్చునే నిద్రపోవడం, ఊడదీసి నా చేతిరుమాల్లో కట్టిన అమ్మ గాజులు తీశాను. ఆ పది రోజులు ఎలా గడిచాయో అవే చెబుతాయి.

మనిషికి సాయం కావలసిన క్షణంలో ఫోన్ జేబులో ఉండాలి. లేపి కూర్చోబెట్టడానికి, బాత్రూముకు నడిపించడానికి రెండు చేతులూ కావాలి. నొప్పితో ఉన్నప్పుడు, ఒంటి మీద బట్ట సరిగా లేనప్పుడు, ఏడుస్తున్నప్పుడు నేను తీయను. కోలుకున్నాక అమ్మే ఒకరోజు, "ఆ వాకరు పట్టుకుని నడిచేది తియ్యి, మీ అత్తకు పంపుదాం" అంది. ఆవిడ అడిగి తీయించుకున్న మొదటి ఫొటో అది.

8. మీరూ ఫొటోలో ఉండాలి

ఫొటోలు తీసేవాళ్ళు తమ ఇంటి ఫొటోల్లో ఉండరు. వారానికి ఒకసారి ఫోన్‌ను పప్పుడబ్బాకు ఆనించి, 10 సెకన్ల టైమర్ పెట్టి, వెళ్ళి పక్కన కూర్చోండి. తలకు నూనె రాయించుకోవడం, కలిసి మంచం దుప్పటి మడతపెట్టడం లాంటివి ఇలా బాగా వస్తాయి.

ఇంకొకటి, ఫోన్‌ను వాళ్ళ చేతికి ఇవ్వండి. "నీకు నచ్చింది తియ్యమ్మా" అని ఇచ్చి వెళ్ళిపోండి. మా అమ్మ తీసినవి: కరివేపాకు చెట్టు, పక్కింటి పిల్ల, ఖాళీగా ఉన్న నాన్న పడక కుర్చీ, నిద్రపోతున్న నేను. ఆ నాలుగూ నా ఫొటోలతో పాటే అదే ఆల్బమ్‌లో ఉన్నాయి.

9. ఎంచడం

తీసిన వెంటనే ఎంచకండి, నెల ఆగండి. తర్వాత ఒక వంద ఫొటోలను దగ్గర్లోని కలర్ ల్యాబ్‌లో 4 బై 6 అంగుళాల సైజులో వేయించి, చాప మీద పరవండి. తెర మీద ఒకటొకటిగా చూస్తే అందమైనవే ఎంచుకుంటాం. చాప మీద పరిస్తే ఏది దేని పక్కన కూర్చుంటుందో కనిపిస్తుంది. కిటికీకి ఆరేసిన పాల ప్యాకెట్ల పక్కన, తాడు మీద ఆరేసిన అమ్మ జాకెట్లు పెట్టి చూశాను. రెండూ ఒకే చెయ్యి ఆరేసినవని చూడగానే తెలుస్తుంది.

వందను నలభై చేయండి, నలభైని పదిహేను చేయండి. ఒకే పనికి రెండు ఫొటోలుంటే ఒకటి తీసేయండి. మసకగా ఉన్నా ఆ మనిషి ఉన్నట్టనిపించేదాన్ని ఉంచండి, స్పష్టంగా ఉండి ఏమీ చెప్పనిదాన్ని పక్కన పెట్టండి. పక్కన పెట్టినవి పారేయకండి. ఈరోజు పనికిరాదనుకున్న దాంట్లో వెనక గోడ మీది గడియారం పదేళ్ళ తర్వాత ముఖ్యమవుతుంది.

నలుపు తెలుపు చేయాలా, రంగుల్లో ఉంచాలా? నేను రంగులే ఉంచుతాను. అమ్మ చేతికి పట్టిన పసుపు, వెలిసిన వంగపండు రంగు చీర, మాత్రల డబ్బాలో గులాబీ మాత్ర, ఇవన్నీ సమాచారం. వాటిని తీసేసి బూడిద రంగులోకి మార్చడానికి నాకు మనసొప్పదు.

10. దాచడం

వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో సైజు తగ్గిపోతుంది. అన్నదమ్ములకు పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి. మొత్తానికి మూడు కాపీలు ఉండాలి: ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ఒకటి, విడిగా హార్డ్ డిస్క్‌లో ఒకటి, వేరే ఊళ్ళో ఉండే తోబుట్టువు దగ్గరో క్లౌడ్‌లోనో ఒకటి.

ప్రింట్లు తప్పనిసరి. అంగుళానికి 300 చుక్కల లెక్కన 8 బై 12 ప్రింటుకు 2400 బై 3600 పిక్సెళ్ళు కావాలి, 12 మెగాపిక్సెళ్ళ ఫోన్ ఫొటో దానికి సరిపోతుంది. కోస్తా ఊళ్ళలో తేమకు ప్రింట్లు అతుక్కుపోతాయి, బూజు పడతాయి. బయటి గోడకు ఆనుకున్న బీరువాలో పెట్టకండి, డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేయండి. జిగురు పేజీల ఆల్బమ్‌లు వద్దు, మూలలు పట్టి ఉంచే కాగితం ఆల్బమే మంచిది. ఫ్రేము కడితే ఎండ పడని గోడకు తగిలించండి.

ఇదే ఊపులో ఇంట్లో ఉన్న పాత ఫొటోలనూ స్కాన్ చేయించండి. చిన్న ప్రింట్లకు 600 డీపీఐ పెట్టమనండి. రంగు ప్రింట్లు ముందు చేయించండి, అవి ఏటేటా ఎర్రబడిపోతున్నాయి. నలుపు తెలుపువి ఇంకొన్నాళ్ళు ఆగగలవు.

ఆఖరున, ప్రతి ఫొటోకూ ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏం చేస్తున్నారు అన్నది రాయండి. పాత మందపాటి కాగితం ప్రింట్ల వెనక మెత్తటి పెన్సిల్‌తో, నొక్కకుండా రాయాలి. బాల్‌పెన్ ముందుకు అచ్చు పడుతుంది. ఇప్పటి ప్రింట్ల వెనక ప్లాస్టిక్ పూత వల్ల పెన్సిల్ పట్టదు కాబట్టి, ఆల్బమ్ పేజీ మీదే రాయండి. ఈ పని మీరొక్కరే చేయకండి. అమ్మానాన్నలను పక్కన కూర్చోబెట్టుకుని, ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి, ఒక్కో ఫొటో వాళ్ళ చేతికివ్వండి. నాన్న గొంతు నా దగ్గర పదకొండు సెకన్లే ఉంది, గ్యాస్ బుక్ చేయమని చెప్పిన మెసేజ్. అమ్మ గొంతు ఇప్పుడు ఆరు గంటలుంది.

మొన్న వెళ్ళినప్పుడు పాత నలుపు తెలుపు ఫొటో ఒకటి ఇచ్చాను. అమ్మ నన్ను చంకనెత్తుకుని వాకిట్లో నిలబడి ఉంది. వెనక నేను ఎప్పుడో ఊహించి "1985, వేసవి" అని రాశాను. కళ్ళజోడు కొంగుతో తుడుచుకుని, వెలుతురులోకి పట్టుకుని చూసింది.

"వేసవేంటే, ముగ్గులో గొబ్బెమ్మలు కనపడట్లా? ధనుర్మాసం. ఎనభై అయిదు కూడా కాదు. ఆ వెనక సైకిలు మీ తమ్ముడు పుట్టాక కొన్నది. వాణ్ణి మీ నాన్న ఎత్తుకుని ఇటు నిలబడ్డారు, ఫొటోలో పడలేదు."

నేను రాసింది చెరిపేసి, అమ్మ చెప్పింది రాశాను. నాన్న, తమ్ముడు ఎటువైపు ఉన్నారో ఒక బాణం గుర్తు కూడా పెట్టాను.